కళ్లానికొచ్చినాయన

నందిగామలో పెళ్లి కుదిరిందంటే పురోహితుడికో, పాస్టరుగారికో కబురు వెళ్లేలోపే స్టీవెన్‌కి ఫోన్ వెళ్తుంది. పదిహేనేళ్లుగా ఫోటోలు తీస్తున్నాడు. ఏడ్చే పెళ్లికూతుర్ని నవ్వించగలడు, అలిగిన మేనమామని గ్రూపు ఫోటోలోకి లాక్కురాగలడు, అరవై దాటిన వియ్యపురాల్ని నలభైలోకి దించగలడు. అలాంటివాడికి ఈ ఏడు ఎండాకాలంలో ఒకే ఒక్క మనిషి కొరకరాని కొయ్యై కూర్చున్నాడు. ఆయన పేరు జీవరత్నం. ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసి ఏప్రిల్ నెలాఖరుకి రిటైరవుతున్నాడు.

ఈ ఇద్దరికీ లంకె పడింది మూడేళ్ల కిందట. స్టీవెన్ స్టూడియో కింద ఉన్న పరుపుల కొట్టు అంటుకుంది. దూది పొగ మెట్లెక్కి పైకి పోతోంది. రోడ్డు మీద నిలబడి స్టీవెన్ గుండెలు బాదుకుంటుంటే జీవరత్నం వచ్చి, "లోపల మనుషులెవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. లేరన్నాడు స్టీవెన్.

"మరి ఏడుపెందుకు?"

"నలభై పెళ్లిళ్లున్నాయి అంకుల్, హార్డ్ డిస్కుల్లో."

జీవరత్నం అతన్ని ఎగాదిగా చూశాడు. ఏ బీరువా, ఏ సొరుగు అని కనుక్కుని పైకెళ్లాడు. తీరికగా తాళం తీసే టైము లేక సొరుగు మొత్తాన్నీ ఊడబెరికి తెచ్చి చేతిలో పెట్టాడు. స్టీవెన్ అక్కడే చతికిలబడి డిస్కులన్నీ ఉన్నాయో లేదో తడుముకుంటూ కూర్చున్నాడు. తలెత్తేసరికి ఫైరింజను వెళ్లిపోయింది. మనిషి ప్రాణం పణంగా పెట్టి పరాయివాళ్ల పెళ్లిళ్లు మోసుకొస్తే, ఒక మంచి మాటైనా అనలేదే అని అతనికి మూడేళ్లుగా సిగ్గు.

అందుకే ఈ ఏడు మార్చిలో స్టేషన్ ఆఫీసర్ తిరుపతిరావుగారి దగ్గరికి వెళ్లాడు. ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి కదా, మీవాళ్లు పనిచేస్తుండగా ఫోటోలు తీసి ఆఖరిరోజు ఇక్కడే ఎగ్జిబిషన్ పెడతా, ఖర్చంతా నాదే అన్నాడు. "పనికి అడ్డం రాకపోతే నీ ఇష్టమయ్యా" అన్నాడాయన.

ఇక చూడండి. సైరన్ మోగితే చాలు, తింటున్న అన్నం వదిలేసి బండి మీద ఫైరింజను వెనక పరుగు. వీరులపాడు దగ్గర గడ్డివామి తగలబడితే వెళ్లాడు. పాడుబావిలో పడ్డ గేదెని తాళ్లేసి లాగుతుంటే వెళ్లాడు. గేదె ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. మనుషులవే రాలేదు. వచ్చాయి గానీ అన్నీ వీపులు. మంట ముందు నిలబడ్డవాడు మంటకేసి చూస్తాడు గానీ కెమెరాకేసి చూసి నవ్వుతాడా? పెళ్లి మండపంలో పదిహేనేళ్లు అలవాటుపడ్డవాడికి ఆ సంగతి బోధపడటానికి నెలరోజులు పట్టింది. కుర్రాళ్లు నయం, పని అయ్యాక మీసం దువ్వి నిలబడేవాళ్లు. జీవరత్నం మాత్రం కెమెరా కనపడితే చాలు తల తిప్పేసేవాడు.

"నన్నెందుకు నాయనా? ఆ నవీన్‌బాబుని తియ్యి. పెళ్లి కావాల్సినోడు, పనికొస్తది."

పాత ఫోటోలన్నా దొరుకుతాయేమోనని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక స్టీవెన్ వాళ్లింటికి వెళ్లాడు. జీవరత్నం భార్య జయమణి టీచరు. రోజూ బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లి పాఠాలు చెప్పొస్తుంది. డ్యూటీలో ఉన్న ఫోటోలున్నాయా ఆంటీ అంటే ఆవిడ నవ్వింది.

"పెళ్లి ఫోటో ఉంది. పిల్లల బాప్తిస్మాలప్పటివి ఉన్నాయి. ఆధార్ కార్డుది ఉంది, అది చూస్తే నాకే గుర్తుపట్టబుద్ధి కాదు. డ్యూటీలో ఎవరు తీస్తారు బాబూ?"

కాఫీ చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. తనే మళ్లీ ఎత్తుకుంది.

"ముప్ఫై నాలుగేళ్లు ఆయన బట్టలు నేనే ఉతికా. ఏ మంటకెళ్లొచ్చాడో వాసన చూసి చెప్తా. పత్తి వాసన వేరు, గడ్డి వాసన వేరు. కరెంటు వైరు కాలిన వాసనైతే మూడు ఉతుకులకి గానీ వదలదు. కానీ అక్కడ ఏం చేస్తాడో, ఎట్టా ఉంటాడో ఒక్కనాడూ చూళ్లా. అడిగితే 'ఏముంది, నీళ్లు కొట్టొచ్చాం' అంటాడు. ముప్ఫై నాలుగేళ్లూ అదే ముక్క! రిటైరైపోయాక ఇంక చూసేదేముంది? ఒక్క ఫోటో తీసిపెట్టు బాబూ. పని చేస్తుండగా. మొహం కనపడాలి."

"తీస్తా ఆంటీ" అన్నాడు స్టీవెన్. మాట ఇచ్చినప్పుడు సులువుగానే అనిపించింది. కానీ చూస్తుండగానే ఏప్రిల్ రెండో వారం వచ్చేసింది. చేతిలో జీవరత్నంగారి వీపులు పద్దెనిమిది ఉన్నాయి, మొహం ఒక్కటీ లేదు.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగింది. చందర్లపాడు అవతల ఒక ఊళ్లో మిరప కళ్లం అంటుకుందిట. ఎవరో పక్క చేలో పత్తికట్టె తగలబెట్టుకుంటే గాలికి నిప్పురవ్వలు ఎగిరొచ్చి పడ్డాయి.

ఆ కళ్లం దుర్గాంబది. అరవై ఐదేళ్ల మనిషి. భర్త పోయిన దగ్గర్నుంచి మరిది బసవయ్య సాయంతో ఆరెకరాలు తనే చేయిస్తోంది. కళ్లంలో రెండు రాశులున్నాయి. ఒకటి అప్పటికే లోపల్లోపల రాజుకుంటోంది. పది గజాల అవతల రెండోది, ఎండి గలగలలాడుతూ, తెల్లారితే బస్తాలకెత్తడానికి సిద్ధంగా ఉంది. దాని మీద కప్పిన టార్పాలిన్ పట్టా కింద పొగ చూసి బసవయ్య కంగారుపడ్డాడు. కాయని కాపాడదామని పట్టా లాగి అవతల పారేశాడు. అంతే, లోపల ఉక్కిరిబిక్కిరవుతున్న నిప్పుకి గాలి తగిలి ఒక్కసారిగా భగ్గుమంది. ఎవర్నీ అనడానికి లేదు. ఏడాది కష్టం కళ్లముందు పొగచూరుతుంటే పట్టా లాగకుండా చేతులు కట్టుకుని నిలబడే రైతు ఈ చుట్టుపక్కల పుట్టలేదు.

మిరపకాయ పొగ సంగతి వేరే చెప్పాలా? దిష్టి తీసి నాలుగు ఎండుమిరపకాయలు పొయ్యిలో పడేస్తేనే వీధిలో పోయేవాడికి పొలమారుతుంది. ఇక్కడ తగలబడుతోంది రాశికి రాశి. ఊరి జనమంతా కొంగులూ తువ్వాళ్లూ మూతికి అడ్డం పెట్టుకుని ఫర్లాంగు దూరంలో నిలబడ్డారు. స్టీవెన్ బండి దిగి రెండడుగులు వేశాడో లేదో కళ్లు మూసుకుపోయాయి. ముక్కులోంచి, గొంతులోంచి నిప్పు దిగినట్టైంది.

నవీన్‌బాబు పైపు పట్టుకుని పరిగెత్తాడు. పక్క రాశికి మంట అంటకుండా ముందు దాన్ని తడిపేయడం వాళ్ల పద్ధతి. పైపు అటు తిరగడం చూసి దుర్గాంబ దగ్గుకుంటూ వచ్చి రెండో రాశికి అడ్డంగా చేతులు చాపింది.

"దీన్ని తడపొద్దు బాబూ! తడిస్తే కాయ నల్లబడి బూజెక్కుద్ది. కాలినా ఒకటే, తడిసినా ఒకటే నాకు. మీకు దణ్ణం పెడతా, చుక్క పడనియ్యొద్దు!"

"తప్పుకోమ్మా, అంటుకుంటే అంతా పోద్ది!" అని అరిచాడు నవీన్‌బాబు.

జీవరత్నం ఇద్దరి మధ్యకీ వచ్చాడు. గాలి ఎటు వీస్తోందో చూశాడు. మంటకేసి, రాశికేసి, ఆమె మొహంకేసి చూశాడు. జగ్గయ్యపేట నుంచి రెండో ఫైరింజను రావడానికి ఇంకా టైము పడుతుంది. తడిపేస్తే ఆయన్ని ఒక్కళ్లు తప్పుపట్టరు, పుస్తకంలో రాసింది అదే.

"నవీన్, రెంటి మధ్యా నేల మీద కొట్టు. తెర కట్టినట్టు కొడుతూనే ఉండు. కాయ మీద చుక్క పడకూడదు" అన్నాడు. తర్వాత తువ్వాలు తడిపి మూతికి కట్టుకుని, ఒక పార అందుకుని, రెండో రాశి దగ్గరికి వెళ్లాడు. వెళ్లింది ఇవతలి వైపుకి కాదు, మంటవైపుకి. ముందు అంటుకునేది ఆ అంచే కాబట్టి.

గాలి సిలిండరు వీపున కట్టుకుని వంగి పారతో ఎత్తడం అయ్యే పని కాదు. తడి తువ్వాలే దిక్కు. చిన్న పట్టా పరిచి దానిమీదికి కాయ ఎత్తడం, నాలుగు మూలలూ కూడదీసి నేలమీద ఈడ్చుకుంటూ దూరంగా పోయడం, మళ్లీ వెనక్కి రావడం. మొదటి రెండు మోపులూ ఒక్కడే ఈడ్చాడు. మూడోసారికి ఇంకో ఇద్దరు ఫైర్‌మన్లు, ఆ పైన సిగ్గేసి కాబోలు బసవయ్య, అతని వెనక ఊరివాళ్లు నలుగురు వచ్చారు. ఊరివాళ్లు పది నిమిషాలు లాగి అవతలికి పరిగెత్తి, కక్కుకుని, మళ్లీ వచ్చేవాళ్లు. జీవరత్నం మాత్రం ఆ అంచు వదల్లేదు. అరవై రెండేళ్ల మనిషి. రెండు గంటలపైన.

స్టీవెన్ తీశాడు. ఏం తీస్తున్నాడో అతనికే తెలీదు. కళ్లలోంచి నీళ్లు ధారలు కడుతుంటే తుడుచుకుని నొక్కడం, తుడుచుకుని నొక్కడం. ఆఖరి మోపు లాక్కొచ్చి జీవరత్నం పొగలోంచి బయటపడినప్పుడు మాత్రం ఎదురుగా ఉన్నాడు. నడుమెత్తి, మూతి మీది తువ్వాలు కిందికి లాగి, దుర్గాంబకేసి తిరిగి "ఇదే ఆఖరుదమ్మా" అన్నాడు. స్టీవెన్ గుడ్డిగా ఒక్కటి నొక్కాడు. అప్పటికి జగ్గయ్యపేట ఇంజను కూడా వచ్చి మొదటి రాశిని ఆర్పేస్తోంది. అది బూడిదైంది. రెండోది ఒక్క కాయ తడవకుండా, మాడకుండా మిగిలింది.

స్టూడియోకి వచ్చి కంప్యూటర్లో చూసుకుంటే దాదాపు అన్నీ పనికిరానివే. మసకలు, పొగలు, మామూలుగానే వీపులు. చిట్టచివర ఆ ఒక్కటి ఉంది. కళ్లు ఉబ్బిపోయి గీతల్లా మిగిలాయి. కన్నీళ్లు, చీమిడి, చెమట కలిసి మసి మీదుగా గడ్డం దాకా కారుతున్నాయి. చెంపకి మిరపగింజలు అంటుకుని ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. అందమైన ఫోటో అని ఎవడూ అనడు. కానీ ఆ మొహంలో 'ఇదే ఆఖరుదమ్మా' అన్న మాట కనపడుతోంది. స్టీవెన్ కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు దాన్నే చూశాడు. ఇన్నేళ్లుగా ఫోటోలు తీస్తున్నాననుకున్నాను, ఇదే మొదటిది అనుకున్నాడు.

మర్నాడు ఆ ఫోటో తీసుకెళ్లి చూపిస్తే జీవరత్నం ఎగిరిపడ్డాడు.

"ఛ! ఇదేందయ్యా, తల్లి పోయినోడిలాగా! తీసెయ్ దీన్ని."

"ఆంటీ అడిగారు అంకుల్. పని చేస్తుండగా మొహం కనపడేది కావాలన్నారు."

"మీ ఆంటీ చూసిందంటే ఇంకేవన్నా ఉందా?" జీవరత్నం గొంతు తగ్గించాడు. "ముప్ఫై నాలుగేళ్లు 'నీళ్లు కొట్టొచ్చాం' అని నెట్టుకొచ్చా. అది నిమ్మళంగా నిద్రపోయింది. వెనక్కి చూసుకుని ఇప్పుడు అది భయపడాలా? చెడగొట్టమాక. కావాలంటే దర్జాగా ఒకటి తియ్యి, ఈసారి తల తిప్పన్లే."

పెద్దాయన మాట కాదనలేక స్టీవెన్ దర్జాగానే తీశాడు. ఇస్త్రీ యూనిఫాం, నున్నగా గీసిన గడ్డం, తిన్నగా పెట్టిన టోపీ, వెనక ఎర్రటి ఫైరింజను. వియ్యపురాళ్లకి చేసే మర్యాదలన్నీ చేసి నలభై ఐదేళ్లవాడిలా దిద్దాడు. దాన్నే పెద్దగా వేయించి ఎగ్జిబిషన్ మధ్యలో పెట్టాడు. రెండోదాన్ని మాత్రం చెరపడానికి చేతులు రాలేదు. ఒక ప్రింటు వేసి కవర్లో పెట్టి కెమెరా బ్యాగులో పడేసుకున్నాడు.

ఇరవయ్యో తారీఖు ఉదయం స్టేషన్ ముందు షామియానా వేశారు. స్కూలు పిల్లలు, పాస్టరుగారు, కోర్టు గుమాస్తాలు, చాలామందే వచ్చారు. గేదె ఫోటో దగ్గర పిల్లలు మూగారు. జయమణి లేతపసుపు చీర కట్టుకుని వచ్చింది. మధ్యలో ఉన్న పెద్ద ఫోటో ముందు నిలబడి, "బాగుంది బాబూ, చాలా బాగుంది" అంది స్టీవెన్‌తో. అంతలోనే, "పని చేస్తుండగా దొరకలేదా?" అని అడిగింది. స్టీవెన్ కెమెరా బ్యాగు ఇంకో పక్కకి మార్చుకున్నాడు. ఆవిడే అతని భుజం తట్టి, పర్లేదులే అంది.

పదకొండింటికి దుర్గాంబ ఆటో దిగింది. వెనక బసవయ్య. ఆమె చేతిలో శాలువా ఉంది. తిరుపతిరావుగారు ఎదురెళ్లి తీసుకొచ్చి మధ్య ఫోటో చూపించాడు. "ఇదిగోనమ్మా, మీ కళ్లానికొచ్చిన జీవరత్నంగారు."

దుర్గాంబ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఈయన కాదండి" అంది.

జనం గొల్లుమన్నారు. తిరుపతిరావుగారు నవ్వాపుకుంటూ జీవరత్నాన్నే చెయ్యి పట్టుకుని తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. ఆమె ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"మీరు కూడా కాదు బాబూ. ఏమనుకోకండి. ఆయన్ని నేను అంత దగ్గర్నుంచి చూశా, నాకు తెలీదా? ఆయనకే కప్పాలి ఇది. ఎవరికి పడితే వాళ్లకి కప్పి రావడానికి నాకు మనసొప్పదు."

ఎక్కడైనా ఎవడైనా 'నేనేనమ్మా' అంటాడు. జీవరత్నానికి మాత్రం తప్పించుకోవడానికి దారి దొరికింది. "వేరేవాళ్లయ్యుంటార్లేమ్మా. ఎవరైతే ఏముంది, అందరం ఒకటే. ఆ నవీన్‌బాబుకి కప్పండి" అన్నాడు.

స్టీవెన్‌కి ఒళ్లు మండింది. తను ఒకసారి డిస్కులు చూసుకుంటూ ఈ మనిషిని ఊరికే పోనిచ్చాడు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా, చేసినవాడే తాను కాదని చెప్పి పక్కకి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా? బ్యాగులోంచి కవరు తీశాడు. జీవరత్నం చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. స్టీవెన్ ఆ కవరు తీసుకెళ్లి తను మాటిచ్చిన మనిషి చేతిలో పెట్టాడు.

జయమణి ఫోటో బయటికి తీసింది. ఆవిడ భుజం మీదుగా తొంగిచూసిన దుర్గాంబ కేకేసింది. "ఇదిగో! ఈయనే! ఈయనేనండీ!"

ఫోటోకేసి, ఎదురుగా ఉన్న మనిషికేసి మార్చిమార్చి చూసి, నోటి మీద చెయ్యేసుకుంది. గబగబా వెళ్లి శాలువా కప్పింది. "గుర్తుపట్టలేకపోయా బాబూ, పాపం మూటగట్టుకున్నా" అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నవీన్‌బాబు ఈలేశాడు.

జయమణి మాత్రం ఫోటో వదల్లేదు. చప్పట్లన్నీ సద్దుమణిగేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. జీవరత్నం తప్పుచేసినవాడిలా ఆవిడకేసి చూస్తున్నాడు. ఏడుస్తుందేమో, నిలదీస్తుందేమో అనుకున్నారంతా.

"ఇట్టా ఎంతసేపున్నాడు?" అని అడిగింది స్టీవెన్‌ని.

"రెండు గంటలపైనే ఆంటీ."

ఆవిడ దుర్గాంబ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, దెప్పిపొడుపూ లేదు. ఇంటికి ఆలస్యంగా వచ్చినవాళ్లని అన్నం తిన్నారా అని అడిగినట్టే అడిగింది.

"అప్పుడు ఈయనకి మంచినీళ్లు ఎవరిచ్చారమ్మా?"

దుర్గాంబ బసవయ్యకేసి చూసింది. బసవయ్య తల వంచుకున్నాడు. స్టీవెన్‌కి తన నీళ్ల సీసా గుర్తొచ్చింది. ఆ పూట తను బండిలో సీసా పెట్టుకునే వెళ్లాడు, మూడుసార్లు తాగాడు, కళ్లు కడుక్కున్నాడు. ఆ సీసా ఆయనకిద్దామని తట్టనే లేదు.

"ఎవరూ ఇవ్వలేదమ్మా" అంది దుర్గాంబ. "నేను నా కాయ చూసుకుంటా ఉన్నా."

దుర్గాంబ చుట్టూ చూసింది. షామియానా మూల బల్ల మీద మంచినీళ్ల కుండ, స్టీలు గ్లాసులు ఉన్నాయి. స్టేషన్ వాళ్లు తెస్తామన్నా వినకుండా తనే నడిచి వెళ్లింది. తన కళ్లంలో కూలీలకి దోసిట్లోకి వేలసార్లు నీళ్లు పోసిన చెయ్యి అది. గ్లాసు నింపి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చి జీవరత్నం ముందు నిలబడింది.

ఆయన గ్లాసు అందుకున్నాడు. దుర్గాంబలాంటి పెద్దకులాల ఇళ్లవాళ్లు ఇచ్చే గ్లాసుని పెదవి తగలకుండా పైకెత్తి తాగడం ఆయనకి చిన్నప్పుడే అలవాటైపోయింది. ఇప్పుడూ అలవాటుగానే తల వెనక్కి వాల్చి గ్లాసు పైకెత్తాడు.

"ఎత్తి పోసుకోమాక బాబూ" అంది దుర్గాంబ. "కరుచుకుని తాగు."

జీవరత్నం చెయ్యి గాల్లో ఆగింది. భార్యకేసి చూశాడు. జయమణి తల ఊపింది. ఆయన గ్లాసు దించి, పెదవులకి ఆనించుకుని, గుటకలు వేస్తూ అడుగుదాకా తాగాడు. దుర్గాంబ ఆ గ్లాసే తీసుకుని ఇంకోసారి ముంచుకురావడానికి కుండ దగ్గరికి వెళ్లింది.